దొరబాబు గట్టు

అనగా అనగా, నేల అనాలో నీళ్లు అనాలో తెలియని చోటొకటి. మడచెట్లు దాటాక, ఏరు సముద్రంలో కలిసే దగ్గర ఉండే బురద మేర అది. పోటు వస్తే నీటి కింద ఉంటుంది, ఆటు వస్తే ఎండలో మెరుస్తుంది. అక్కడ బురదలో గెంతే చేపలు కాపురం ఉండేవి. బుగ్గల్లో నీళ్లు దాచుకుని, రెక్కల మీద పాకుతూ బయట తిరిగే చేపలవి.

వాటికో కట్టుబాటు ఉంది. నీరు తీయగానే ఎవరికి వారు నోటితో బురద మోసి తమ మడి చుట్టూ గట్టు పెట్టుకోవాలి. గట్టు ఉంటేనే మడిలో చెమ్మ నిలుస్తుంది. చెమ్మ ఉంటేనే పాచి పడుతుంది. ఆ పాచే వాటి కూడు. రెండు మళ్ల నడిమి గట్టు మాత్రం ఇద్దరూ చెరిసగం మోయాలి. మళ్లీ పోటు వస్తే గట్లన్నీ కరిగిపోతాయి, మళ్లీ పెట్టాలి. ఆ పోటు వేళకి మడిలో ఉన్న బొరియలో దూరకపోతే పెద్ద చేపల నోట్లో పడటమే.

నూకాలు అనే చిన్న చేపకి అక్కడో చిన్న మడి, అందులో ఒక బొరియ ఉన్నాయి. పక్క మడి దొరబాబుది. అతని ఒళ్లు పెద్దది, వీపు మీది రెక్క ఇంకా పెద్దది. ఆ రెక్క లేపి బెదిరించి చుట్టుపక్కల మళ్లు ఒక్కొక్కటే కలిపేసుకుంటూ వచ్చాడు. పోనీ గట్టయినా తను పెట్టుకుంటాడా అంటే, అదీ మడి పోగొట్టుకున్నవాళ్లే పెట్టాలి. సిగ్గుండాలి.

ఒకసారి, గట్టు కాస్త ఇవతలికి పెట్టమన్నాడు. పెద్దవాడు కదా అని నూకాలు జరిపింది. రెండోసారి అడగడం కూడా మానేసి రెక్క లేపాడు. సగం మడి పోయింది. మూడోసారి బొరియ దాకా వచ్చి, ఇదీ తన గట్టు లోపలిదేనని, ఖాళీ చెయ్యమన్నాడు.

నూకాలుకి ఒళ్లు మండింది. తగవులు తీర్చే ముసలి పీత దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆ పీత రోజూ మేసేది దొరబాబు మడిలోనే. కళ్లు అటూ ఇటూ తిప్పి తీర్పు చెప్పాడు.

"గట్టెక్కడుంటే హద్దక్కడే."

"ఆ గట్టుకి మట్టి మోసింది నేను కదా పెద్దయ్యా?"

"మోసిందెవరని కట్టుబాటు అడగదమ్మా."

మోసే నోరు ఒకరిది, మేసే నోరు ఇంకొకరిది. దీన్ని న్యాయమనడానికి ఆ పీతకి నోరెలా వచ్చిందో.

నూకాలు ఏడవలేదు. మళ్లు పోయిన వాళ్లందరి దగ్గరికీ వెళ్లి, ఈసారి నీరు తీశాక దొరబాబు గట్టుకి ఎవరూ మట్టి మోయొద్దని, ఎవరి పాత హద్దు మీద వాళ్లు పెట్టుకోమని చెప్పింది. రెక్క లేపుతాడేమోనని వాళ్లు జంకారు.

"ఉన్నది ఒక్క రెక్కే కదా. ఎంతమంది ముందు లేపుతాడు?" అంది నూకాలు.

అంతలో పోటు వచ్చింది. నూకాలు తన బొరియ వదల్లేదు. ఆమెని గెంటడానికి దొరబాబుకి తీరిక లేదు, నీళ్లొస్తే అతనూ దాక్కోవాల్సిందే.

నీరు తీసింది. ఒక్క గట్టూ మిగల్లేదు. అందరూ తమ తమ పాత హద్దుల మీద బురద మోయసాగారు. దొరబాబు ఒకరి ముందు రెక్క లేపితే, వెనకాల ఇంకొకరి గట్టు లేచేది. పీతని పిలిచాడు. అందరూ చూస్తుండగా పీత మాట మార్చలేక, గట్టెక్కడుంటే హద్దక్కడేనని గొణిగి పక్కకి నడిచి వెళ్లిపోయాడు.

చేసేది లేక దొరబాబు తనే మోయబోయాడు. మోస్తే మేత లేదు, మేస్తే గట్టు లేదు. ఉన్నది ఒకటే నోరాయె. గట్టు పూర్తికాకముందే మడిలో నీళ్లు జారిపోయి పాచి ఎండింది. అతని ఒళ్లూ ఎండసాగింది. చివరికి రెక్క ముడుచుకుని నూకాలు గట్టు దగ్గరికి వచ్చాడు.

"నూకాలూ, ఒళ్లెండిపోతోంది. నీ మడిలో ఒక్కసారి దొర్లనియ్యవే."

నూకాలు పక్కకి జరిగి దారిచ్చింది.

"దొర్లండి దొరబాబు గారూ. దొర్లాక, ఈ నడిమి గట్టుకి మీ సగం మట్టి మోసి వెళ్లండి."

దొరబాబు దొర్లాడు. లేచి, తల దించుకుని మోశాడు.

పిల్లలూ, పక్కవాళ్ల చేత గట్టు పెట్టించుకుని మడంతా నాదనేవాడి పెత్తనం, ఆ పక్కవాళ్లు మట్టి మోసినంత కాలమే.