రాజుగారి లక్కబల్ల మీద తెల్ల సున్నా

కొండలు ఒకపక్కా, సముద్రం ఒకపక్కా కాపు కాసే ఒకానొక రాజ్యంలో విజయధ్వజుడనే మహారాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే తన మాట తనకే మహా ముద్దు. ఆయన తుమ్మినా అది శాసనమేమోనని రాసుకోడానికి పక్కనున్న రాయసగాడు గంటం తీసేవాడట.

ఆ రాజుగారి కొలువులోకి ఒకనాడు ఒక బల్ల వచ్చింది.

బల్లంటే అలాంటిలాంటి బల్ల కాదు. పైడాచారి అనే వడ్రంగి మూడేళ్ళు కూచుని చేసిన బల్ల. జిట్రేగి కర్ర చేవ తీసి, చిత్రిక పట్టి, పైన ఎర్ర లక్క కరిగించి పూసి, మొగలి ఆకుతో రుద్ది రుద్ది నిగ్గు తేల్చాడు. ఎనిమిదిమంది మోసుకొచ్చి సభలో దింపి, మీద కప్పిన గుడ్డ లాగేసరికి అందరికీ ఊపిరి ఆగిపోయింది. వేలాడే దీపాలు పైనా ఉన్నాయి, బల్లలోనూ ఉన్నాయి. లోపలి దీపాలే ఎక్కువ వెలుగుతున్నట్టున్నాయి.

రాజుగారికి సాయంత్రం పాలు తెచ్చే నూకాలు ఆ వేళ బల్ల దగ్గరగా వెళ్ళింది. లోపల ఎవరో పెద్దావిడ తనకేసి చూస్తోంది. దారి ఇద్దామని పక్కకి తప్పుకుంది. ఆవిడా తప్పుకుంది. అప్పుడు తెలిసింది నూకాలుకి, అది తన మొహమేనని. అన్నేళ్ళుగా ఆమె తన మొహం నీళ్ళలో తప్ప చూసి ఎరగదు. చెక్కలో మనిషి కనబడ్డమేమిటి తల్లీ అనుకుని, ఎవరూ చూడకుండా చిన్న దణ్ణం పెట్టుకుంది.

పైడాచారి చేతులు కట్టుకుని అన్నాడు. "మహారాజా, ఇది లక్క. వేడి తగిలితే మెత్తబడుతుంది, తడి తగిలితే తెల్లబడుతుంది. ఏ పాత్ర పెట్టినా కింద ఒక కుదురు వేయించండి." అని మొగలాకుతో అల్లిన గుండ్రటి కుదుర్లు ఒక కట్ట ఇచ్చి వెళ్ళాడు.

రాజుగారు ఊరుకుంటారా? వెంటనే దండోరా వేయించారు. కోటలో ఎవరైనా సరే, కుదురు లేకుండా పాత్ర దింపితే దేశం నుంచి వెలి.

ఇక చూడాలి ఆ కోటని! వంటవాళ్ళు మట్టి నేల మీద కుండ దింపడానికి కూడా కుదుర్లు వెతుక్కునేవారు. గుర్రాల కుడితి తొట్లకి కుదుర్లు. డప్పువాడు వచ్చి, "అయ్యా, నా డప్పు పాత్ర కిందికి వస్తుందా, రాదా?" అని అడిగితే, మంత్రి దుర్గరాజు గడ్డం నిమురుకుని, "ఎందుకైనా మంచిది, వేసుకో," అన్నాడు.

ఇలా నెల గడిచింది. బల్ల మీద దుమ్ము కూడా వాలడానికి భయపడేది.

ఆ కొలువులో తాతల నాటి ఆచారం ఒకటుంది. రాజుగారు పెదవి ఆన్చిన పాత్రని ఆయన కొలువు చాలించేదాకా ఇంకొకరు ముట్టకూడదు. దించితే ఆయనే దించుకోవాలి. పాలు తెచ్చిన మనిషి పళ్ళెంలో అందించి, ఇప్పుడైతే బల్ల మీద కుదురు కూడా వేసి, మూడడుగులు వెనక్కి వేసి, తల దించుకు నిలబడాలి. తల ఎత్తి చూడకూడదు. నూకాలు పదకొండేళ్ళుగా అలాగే తన కాలి వేళ్ళు చూసుకుంటూ నిలబడింది.

ఒక సాయంత్రం రాజుగారు లేచి వెళ్ళాక ఆమె వెండి లోటా తియ్యబోయింది. రాలేదు. గట్టిగా లాగితే చిటుక్కుమని ఊడింది. కింద తెల్లగా, గుండ్రంగా, పున్నమి చంద్రుడి అంచులాంటి సున్నా! కుదురేమో జానెడు దూరంలో, తను ఎక్కడ వేసిందో అక్కడే ఉంది.

సరిగ్గా అప్పుడే మంత్రి దుర్గరాజు అటు వచ్చాడు. లోటా నూకాలు చేతిలో ఉంది, సున్నా బల్ల మీద ఉంది. ఇంకేం కావాలి? గగ్గోలు పెట్టాడు. రాజుగారు తిరిగి వచ్చి చూసి కుంకుమలా ఎర్రబడ్డారు.

"ఎవరు దించారిది?"

ఆచారం తెలిసిన ప్రతివాడికీ జవాబు తెలుసు. రాజుగారికి మాత్రం నిజంగానే గుర్తు లేదు. సభలో ఒకడు దూలాలు చూస్తున్నాడు, ఒకడు ఉంగరం తిప్పుకుంటున్నాడు. మీరే దించారు మహారాజా అని ఎవరంటారు? అన్న నోరు మర్నాడు అన్నం తినాలి కదా.

"పాలు తెచ్చేది ఇదే ప్రభూ," అన్నాడు మంత్రి.

"రేపు పొద్దు గుంకేలోగా పొలిమేర దాటాలి. శాసనం శాసనమే," అన్నారు రాజుగారు.

నూకాలు కళ్ళ ముందు ఇల్లు ఒకటే కనబడింది. కూతురు గౌరి తొలిచూలుకి పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి, ఇవాళో రేపో. ఆ ఇంట్లో ఇంకో ఆడది లేదు. తను పొలిమేర అవతలుంటే పిల్లని పట్టుకునేదెవరు?

ఆమె వంటింటి గుమ్మం దగ్గర కూలబడి ఉండగా కూర్మయ్య వచ్చాడు. కూర్మయ్య రాజుగారి అడపగాడు. అంటే తమలపాకుల పెట్టె పట్టుకుని ఎప్పుడూ ఆయన ఎడమపక్క నిలబడేవాడు. సన్నగా, వక్కపేడులా ఉంటాడు. ఆకుకి సున్నం రాస్తూ రాస్తూ మాట జారవిడుస్తాడు, అది ఎవరికి తగలాలో వాళ్ళకే తగులుతుంది.

"నూకాలప్పా, ఏడవడం తరవాత. ఒక్కటి చెప్పు. ఇందాక లోటా దించినప్పుడు రాజుగారు ఏం మాట్లాడుతున్నారు? నేను సున్నం డబ్బీ కోసం లోపలికి వెళ్ళాను."

"ఏముంది బాబూ, పులి కథ."

"అందులో ఎక్కడ?"

నూకాలు కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. "పొద వెనకాల్నుంచి పులి ఎగిరి మీద పడ్డప్పుడు దబ్బుమని చప్పుడైంది. నేను పులేననుకున్నాను."

కూర్మయ్య గోడకి ఆనుకుని, నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు. "పులేనప్పా, పులే! రేపు సాయంత్రం పాలు నువ్వే తేవాలి. మామూలుగా కన్నా కాస్త వేడిగా తే."

పులి కథ ఎరగనివాడు ఆ రాజ్యంలో లేడు. పడుచుతనంలో రాజుగారు అడవిలో ఒంటిచేత్తో పులిని చంపారు. అది నిజమే. కాని ఆ పులి ఆ తరవాత వారానికి రెండుసార్లు సభలో చచ్చేది; కొత్త బల్ల మోజులో ఆ నెల్లాళ్ళు మాత్రం కాస్త ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు పొద్దు వాలుతోంది. పొలిమేరదాకా తీసుకెళ్ళడానికి ఇద్దరు భటులు నూకాలు కోసం గుమ్మంలో నిలబడ్డారు. కూర్మయ్య రాజుగారికి ఆకు అందిస్తూ మెల్లిగా అన్నాడు.

"ప్రభూ, నూకాలు వెలి వెళ్తోంది. వెళ్ళనీండి, శాసనం శాసనమే. నా బాధ వేరే."

"ఏమిటోయ్ నీ బాధ?"

"పైదేశంలో జనం ఊరుకోరు కదా. మీ రాజు పులిని చంపాడటగా, ఎలా చంపాడు అని అడుగుతారు. ఇదేం చెబుతుంది? పదకొండేళ్ళూ తల దించుకునే విన్నది, ఒక్కసారి చూడలేదు. మీ కథ సగం నోట్లో ఉంటుంది, సగం చేతుల్లో ఉంటుంది. మా రాజు పులిని చంపుతుంటే నేను నా కాలి వేళ్ళు చూసుకున్నానండీ అంటే, మన రాజ్యం పరువేం కాను?"

రాజుగారి మీసం కదిలింది. "అదీ నిజమే. ఏయ్ నూకాలూ, పాలు తే. ఇవాళ తల ఎత్తి చూడు."

నూకాలు పళ్ళెం అందించింది. కుదురు రాజుగారి కుడిచేతి పక్కనే, కనబడేలా వేసింది. మూడడుగులు వెనక్కి వేసింది. పదకొండేళ్ళలో మొదటిసారి తల ఎత్తింది.

అమ్మో, ఏం చెప్పను! రాజుగారు అడవి అన్నారు, సభ నిండా చీకటి చెట్లు మొలిచాయి. వాన అన్నారు, వెన్ను తడిసింది. ఆయన కళ్ళు చిన్నవయ్యాయి, భుజాలు వంగాయి, ఆ సింహాసనం మీద కూచున్నది ఇరవై ఏళ్ళ కుర్రవాడు. మనిషి మాటలో ఇంత ఉంటుందా అని ఆమె తన వెలి సంగతే మర్చిపోయింది.

"అప్పుడు పొద కదిలింది. గాలి లేదు, పొద కదిలింది! తలెత్తేసరికి పసుపు పచ్చటి రెండు కళ్ళు. అదిగో, దూకింది!"

దబ్బుమంది. రాజుగారి రెండు చేతులూ గాల్లోకి లేచి పులి గొంతు పట్టుకున్నాయి. లోటా బల్ల మీద ఉంది. కుదురు దానికి జానెడు దూరంలో ఉంది.

నూకాలు లోటాకేసి చూసింది, రాజుగారికేసి చూసింది, కూర్మయ్యకేసి చూసింది. కూర్మయ్య తన్మయత్వంతో పులికేసి చూస్తున్నాడు.

రాజుగారు పులిని ఎత్తి కుదేసి, గుండె మీద మోకాలు పెట్టి, చచ్చిందని రూఢి చేసుకుని, చెమట తుడుచుకున్నారు. గొంతు ఎండింది. లోటా కోసం చెయ్యి చాపారు. రాలేదు. లాగారు.

చిటుక్కుమంది.

మొదటి సున్నా పక్కనే రెండో సున్నా. కవల పిల్లల్లా ఉన్నాయి.

రాజుగారు సున్నాలకేసి చూశారు. చేతిలో లోటాకేసి చూశారు. తల ఎత్తి సభకేసి చూస్తే సభ అంతా దూలాలు లెక్కపెడుతోంది. ఆయన మొహంలో రంగు పోయింది. శాసనం తనదే, దండోరా తనదే, "ఎవరైనా సరే" అన్న మాటా తనదే. రాయసగాడు గంటం వీపు వెనక దాచుకున్నాడు.

కూర్మయ్య ఆకుల పెట్టె కింద పెట్టి (కుదురు వేసే పెట్టాడు సుమా!) రాజుగారి ముందు మోకరిల్లాడు.

"మహారాజా, జయము! దోషి దొరికాడు!"

రాజుగారు లోటా చేతిలోనే ఉంచుకుని ముందుకి వంగారు. "ఎ... ఎవడు?"

"పులి ప్రభూ."

"పులా!"

"అదే. మీరు చంపారు కాని అది చావలేదు. మీ మాటలో అంత ప్రాణం ఉంటే అదెలా చస్తుంది? వారానికి రెండుసార్లు వచ్చి మా మీద పడుతోంది. పులి మీద పడుతుంటే ఏ మగాడు లోటాని కుదురు చూసి దించుతాడు? నిన్న ఒకసారి, ఇవాళ ఒకసారి, ఈ బల్లని పాడుచేసింది అదే. పొలిమేర దాటించవలసింది దాన్ని. నూకాలు ఏం చేసింది? దానికి పాలు కూడా పొయ్యలేదు."

రాజుగారి మీసం ఒకపక్క వణికింది. రెండోపక్క వణికింది. ఆ తరవాత పొట్ట కదిలింది. అంతే, ఆయన బల్ల మీద రెండు చేతులూ ఆన్చి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వారు. రాజు నవ్వాక మిగతావాళ్ళకి అడ్డేముంది? మంత్రి దుర్గరాజు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

నవ్వు ఆగాక రాజుగారు మాత్రం నవ్వకుండా ఒక మాట అన్నారు. "దించింది నేనే. మీ అందరికీ తెలుసు, నాకు ఒక్కడికే తెలియలేదు. కూర్మయ్యా, నా పరువూ కాచావు, ఒక ఆడకూతురి ఉసురు నాకు తగలకుండా కూడా కాచావు." అని తన మెడలో పగడాల పేరు తీసి కూర్మయ్య మెడలో వేశారు. "నూకాలూ, వెలి లేదు, ఏమీ లేదు. నీకేం కావాలో అడుగు."

నూకాలు అడగదేమోననుకున్నారంతా. ఆమె రెండడుగులు ముందుకి వచ్చింది.

"మారాజా, కుదురు బల్ల మీద వేస్తే పులి దూకేటప్పుడు తవఁరికి కనబడదు. అప్పుడు ఎవరికి మాత్రం కనబడుతుంది? నేను కుదురు అరచేతిలో పెట్టుకుని తవఁరి పక్కనే నిలబడతాను. పాత్ర నేను ముట్టను, ఆచారం తప్పదు. తవఁరు చెయ్యి అలా చాపితే చాలు."

రాజుగారు ఆమెకేసి విస్తుపోయి చూశారు. "ఇంత తేలికైన మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"తల దించుకుని ఉన్నాను కదా మారాజా. పులి ఎటునుంచి దూకుతుందో ఇవాళేగా చూశాను!"

రాజుగారు మళ్ళీ నవ్వు మొదలెట్టారు. ఆ దండోరా అప్పటికప్పుడే రద్దయింది. కుదుర్లు బల్లకి మిగిలాయి, కుడితి తొట్లకి పోయాయి. గౌరి సంగతి కూర్మయ్య చెవిన వేస్తే, పురిటి ఖర్చుకని రాజుగారు ఆమెకి గుమ్మెడు ధాన్యాన్నీ, పాడి ఆవునీ ఇప్పించారు. పైడాచారి వచ్చి గోరువెచ్చటి గుడ్డ వేసి, మొగలాకుతో రుద్ది సున్నాలు రెండూ మాయం చేశాడు. అవెలా పోయాయో దగ్గరుండి చూసినవాళ్ళకి కూడా అంతుపట్టలేదట.

ఆ సాయంత్రం నూకాలు ఆవుని తోలుకుని ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. గుమ్మంలో గౌరి నిండు పొట్టతో కూచుని, మూట ఒకటి కట్టి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. తల్లి వెంట పొలిమేర దాటడానికి సిద్ధపడింది పిచ్చిపిల్ల.

"మూట విప్పెయ్యవే," అంది నూకాలు. "వెలి వేసేశారు."

గౌరి మూట ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఎవర్నమ్మా?"

"పులిని."