ఇటుకల బట్టీలో తొమ్మిదో పెట్టె

అడవి ఆగిపోయి ఊరి పొలాలు మొదలయ్యేచోట ఓ పాడుబడ్డ ఇటుకల బట్టీ ఉంది. అందులో నక్క పైడయ్య ఆకుల పెట్టెలు పెట్టాడు. మొత్తం తొమ్మిది. అడవి జంతువులూ వచ్చేవి, ఊరి జంతువులూ వచ్చేవి. బట్టీ లోపల ఎవరూ ఎవరినీ తినకూడదని పైడయ్యే కట్టుబాటు పెట్టాడు. పెట్టకపోతే మేకలెందుకొస్తాయి మరి!

ఆట పెద్ద కష్టమేం కాదు. పెట్టెలో ఓ వేరుశనగ కాయ వేసి పిడి లాగితే ఐదు ఆకులు రాలతాయి. కావలసినవి ఉంచుకుని, అక్కర్లేనివి తిరిగి పెట్టెలో పడేసి, ఇంకోసారి లాగాలి. చివరికి ఏ ఆకులు మిగిలితే ఎన్ని కాయలొస్తాయో ప్రతి పెట్టెకీ ఓ బోర్డు మీద సుద్దతో రాసి ఉంటుంది. ఐదూ మోదుగాకులే పడితే బుట్టెడు కాయలు! ఆ బుట్ట మీద ఆశతో అందరూ చేతికొచ్చిన జతల్ని పారేసి, ఒంటి మోదుగాకును పట్టుకు వేలాడేవాళ్ళు.

పైడయ్యకు కావలసిందీ అదే. వెనక కాలు కుంటిది, వానలు పడ్డాక పరిగెత్తి వేటాడలేడు. బట్టీ వెనక తవ్విన గొయ్యి కాయలతో నిండితేనే ఆ నాలుగు నెలలూ గడుస్తాయి. గొయ్యి ఇంకా సగానికే వచ్చింది. మబ్బులేమో రోజూ కమ్ముకొస్తున్నాయి.

జనాన్ని లాగడానికని గుమ్మం పక్కనున్న తొమ్మిదో పెట్టె మీద మాత్రం కాస్త ధారాళంగా రాశాడు. మూడాకులు ఒకే రకమైతే మిగతా పెట్టెల్లో రెండు కాయలు, ఇందులో మూడు. సరిగ్గా ఆ పెట్టె దగ్గరే వచ్చి కూర్చుంది కోడిపెట్ట నూకాలు.

మొదటిరోజు ఆవిడ ఒక్క ఆట కూడా ఆడలేదు. మెడ వాల్చి, ఒక కన్నుతో తొమ్మిది బోర్డులూ చదువుకుంటూ తిరిగింది. రెండోరోజు పొద్దున్నే వచ్చి తొమ్మిదో పెట్టె ముందు రెక్కలు సర్దుకుని కూర్చుంది. జత పడితే జత ఉంచుకునేది. మోదుగాకు ఒంటరిగా పడితే దాని మొహం కూడా చూసేది కాదు. సాయంత్రానికి గుప్పెడు కాయలు మిగుల్చుకుని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయేది.

మూడోరోజు పైడయ్య ఆవిడ పక్కకు చేరాడు.

"నూకాలప్పా, ఒకే పెట్టె దగ్గర విసుగేయట్లేదూ? ఆ మూల మూడో పెట్టె చూడు, కొత్తగా రంగేయించాను."

"ఇరవయ్యొక్క రోజులు గుడ్ల మీద కదలకుండా కూర్చునేదాన్నయ్యా, నాకు విసుగేంటి?"

"పోనీ ఒక్కసారి మోదుగాకుల కోసం చూడరాదూ? బుట్టెడమ్మా, బుట్టెడు!"

"నాకు గుప్పెడు చాల్లే. అవునూ, పక్క పెట్టె దగ్గర ఆ ఎలుగుబంటి అప్పన్నకి పోసిన బెల్లం నీళ్ళు నాకెందుకు పొయ్యలేదు?"

ఓడేవాళ్ళ కోసం పెట్టిన బెల్లం నీళ్ళు గెలిచేవాళ్ళకి పొయ్యాలా! పైడయ్యకు ఒళ్ళు మండిపోయింది. అయినా పళ్ళు నూరుకుంటూ పోశాడు. ఆవిడ తల పైకెత్తి తీరిగ్గా గుటకలేసి, ముక్కుతో మళ్ళీ పిడి లాగింది. మూడు వేపాకులు.

పక్కనున్న అప్పన్న అది చూశాడు. "ఓసోస్! కోడే గెలిచేస్తుంటే నేను గెలవలేనా?" అని ఇంకో తట్ట కాయలు మోసుకొచ్చి కుమ్మరించాడు. మేకలూ అలాగే అనుకుని ఆడాయి. పైడయ్య ధ్యాసంతా కోడి మీదే. అప్పన్న మాట వాడి చెవికెక్కితే ఒట్టు.

ఐదోరోజు ఇక ఆగలేకపోయాడు. "లే నూకాలప్పా, లే! రేపట్నుంచి ఇక్కడ ఆడొద్దు."

"ఏం, రెక్క కింద ఆకులు దాచానా?"

"లేదు."

"పెట్టెలో ముక్కు పెట్టి కెలికానా?"

"లేదే తల్లీ, లేదు!"

"మరి నా తప్పేంటి?"

"లెక్క చూసుకుని ఆడుతున్నావు! అదీ నీ తప్పు! ఆటంటే సరదాగా ఆడాలి గానీ, బోర్డులన్నీ చదివి, పెట్టె ఎంచుకుని ఆడతారా ఎక్కడైనా?"

"చదవడానికి కాకపోతే బోర్డెందుకు రాశావయ్యా?"

పైడయ్య తన తోక తనే కొరుక్కున్నాడు. ఎవరూ ఎవరినీ తినకూడదని కట్టుబాటు పెట్టినరోజు తన నోరు పడిపోయినా బాగుండేదనిపించింది.

నూకాలు నెమ్మదిగా లేచి ఈకలు దులుపుకుంది. "సరే, నీ బట్టీ నీ ఇష్టం. కానీ రాసి ఉన్నదాన్ని బట్టి నడుచుకునేదాన్ని నేను. ఊరికే లేచిపోతే నేనేదో దొంగతనం చేశాననుకుంటారు. నన్నెందుకు పొమ్మన్నావో గుమ్మానికి రాసి పెట్టు, పెద్దక్షరాలతో. చదువుకుని పోతాను."

"ఇంతేనా! ముందే చెప్పొచ్చుగా!" పైడయ్యకు ప్రాణం లేచొచ్చింది. చెక్కముక్క తెచ్చి గబగబా రాసి గుమ్మానికి కొట్టాడు: 'లెక్క తెలిసినవాళ్ళు ఇక్కడ ఆడకూడదు.'

నూకాలు ఓ కన్నుతో చదివింది, తల తిప్పి ఇంకో కన్నుతో చదివింది. "దస్తూరీ గుండ్రంగా ఉంది నాయనా," అనేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అప్పన్న తట్ట మోసుకుంటూ వచ్చాడు. వెనకాల మేకలు. గుమ్మం ముందు ఆగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"పైడయ్యా, ఇది ఎవరి గురించిరా?"

"ఆ కోడి గురించి మావా. పీడ విరగడైంది. నువ్వు రా, బెల్లం నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"కోడికి లెక్క తెలుసు గనక కోడి రాకూడదు."

"అవును మావా."

"నేను రావచ్చు."

"నువ్వు రాకపోతే ఎలా మావా!"

అప్పన్న తట్ట కిందికి దించాడు. అతని బుర్ర నిదానంగానే తిరుగుతుంది, కానీ తిరగడం మొదలెడితే ఆగదు.

"అయితే నేనేంటి?"

పైడయ్య ఇరుక్కుపోయాడు. ఏ మాట చెప్పినా తప్పే. బెల్లం నీళ్ళ ముంత అతని ముందుకు తోశాడు.

"ఓలమ్మో!" అంది వెనకనుంచి ఓ మేక. "నిన్న ఓడినప్పుడల్లా నాకు పోశాడు బెల్లం నీళ్ళు, నాలుగుసార్లు!"

ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కే మొనగాడెవడు? తొక్కితే లెక్క రాదని ఊరందరి ముందూ ఒప్పుకున్నట్టే. అప్పన్న తట్ట ఎత్తుకున్నాడు. మేకలు అతని వెంట నడిచాయి. పైడయ్య చెక్క పీకి విసిరేసి, "మావా! తప్పైపోయింది మావా!" అని కుంటుకుంటూ వెంటపడ్డాడు. ఒక్కరూ వెనక్కి చూడలేదు.

వాళ్ళంతా వెళ్ళింది గడ్డివామి దగ్గరికి. వామి మీద నూకాలు కూర్చుని ఉంది. కింద అప్పన్న ఆకులు పరుచుకుని, "జత ఉంచుకోవాలి, ఒంటిది పారెయ్యాలి," అని పాఠం వల్లిస్తున్నాడు. పైడయ్య వామి కింద చేరి తల పైకెత్తాడు.

"నూకాలప్పా, తిరిగి వచ్చెయ్యి. తొమ్మిదో పెట్టె నీదే. నీ కాళ్ళట్టుకుంటాను."

"నేను పట్టుకెళ్ళింది రోజుకి గుప్పెడు కాయలు," అంది నూకాలు. "ఆ గుప్పెడు చూసే అప్పన్న తట్టలు మోశాడు. నన్ను గెంటినప్పుడు ఆ తట్టల్ని కూడా గెంటావు నాయనా."

పైడయ్య ముక్కు మీద మొదటి చినుకు పడింది. సగం గొయ్యి కాయలతో నాలుగు నెలలు ఎలా ఈదాలిరా దేవుడా అని తిట్టుకుంటూ బట్టీ దారి పట్టాడు.

లెక్క తెలిసిన ఒక్కరి గెలుపు ఓర్వలేక గెంటేసినవాడు, మిగిలిన అందరికీ తనే లెక్క నేర్పి పంపిస్తాడు.