రాజ్యం అక్క బూట్లు

కళ్ళు మూసుకుని కూర్చున్న ప్రతిసారీ భ్రమరకి అక్కే కనబడేది.

ఊపిరి మీద మనసు పెట్టమని మఠం పెద్ద ఆనీ చెప్పారు. పెట్టేది. నాలుగు ఊపిరులు సవ్యంగా గడిచేవి. ఐదోదానికి అక్క తపాలా ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలో గొడుగు దులుపుతూ, "బుజ్జీ, కాసిని మంచినీళ్ళియ్యి" అనేది. అంతే. గంట మోగేదాకా భ్రమర ఇక పార్వతీపురంలోనే ఉండేది.

"ఆనీలా, ఈ బరువు దించుకోవడం ఎలా?" అని ఒకరోజు అడిగింది.

ఆనీ బంగాళాదుంపల తొక్క తీస్తున్నారు. తలెత్తలేదు.

"ఎక్కడ దించుదామనుకుంటున్నావు?"

"కనుమ మీద."

"సరే. ముందు అక్కడిదాకా నడవడం నేర్చుకో."

అది నేపాల్ కొండల్లో ఇరవై మంది సన్యాసినులుండే చిన్న మఠం. భ్రమర విశాఖపట్నంలో నర్సు. ముప్ఫై ఆరేళ్ళు. ఏడాది సెలవు పెట్టి, మఠం పక్కనున్న రెండు గదుల వైద్యశాలలో జీతం లేకుండా పనిచెయ్యడానికి వచ్చింది. ఆనీ అంటే అక్కడ సన్యాసిని. 'లా' మన 'గారు' లాంటిది. మఠానికి పెద్ద ఆనీ ల్హాకీ. డెబ్భై దాటిన మనిషి. చిన్నప్పుడు డెహ్రాడూన్‌లో పెరిగారట, హిందీ బాగా వచ్చు. సాయంత్రాలు వైద్యశాల మూసేశాక భ్రమర ఆవిడ దగ్గర కూర్చోవడం నేర్చుకునేది. కూర్చోవడం అంటే ధ్యానమే. ఆనీ మాత్రం కూర్చోవడం అనే అనేవారు.

అక్క రాజ్యలక్ష్మి భ్రమర కంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక పెంచింది అక్కే. నేపాల్ దరఖాస్తు నింపిన రోజున ఇద్దరూ కలిసి ఒక మాట అనుకున్నారు. భ్రమర ముందు వెళ్తుంది. ఆరు నెలలయ్యాక, మే నెలలో, అక్క వస్తుంది. ఇద్దరూ మఠం పైనున్న కొండ కనుమ దాటి అవతలి ఊరికి నడిచి వెళ్ళి వస్తారు. పోను మూడు రోజులు, రాను మూడు రోజులు. కొండెక్కడమంటే సింహాచలం మెట్లు తప్ప ఎరగని మనిషి, రాజ్యం అక్క, విశాఖ వచ్చి మరీ బూట్లు కొనుక్కుంది. కొత్తవి కరుస్తాయని, రోజూ సాయంత్రం డాబా మీద అవి తొడుక్కుని తిరిగేది. "యాభై చుట్లు అయ్యాయే!" అని ఫోన్ చేసి చెప్పేది.

ఆగస్టులో అక్కకి డెంగ్యూ వచ్చింది. ఆరు రోజులు. ఆఖరి రెండు రోజులూ భ్రమర తన వార్డులోనే, తన చేతుల మీదే చూసుకుంది.

నవంబరులో ఒక్కతే బయలుదేరింది. పెట్టె అడుగున, అక్క పాత నేత చీర ముక్కలో చుట్టి, ఆ బూట్లు పెట్టుకుంది.

*

మే నెల వచ్చింది. తోడుగా యాంగ్జీ వస్తానంది. యాంగ్జీ కింది ఊరి మనిషి, మఠానికి కట్టెలు మోస్తుంది. ఆమె పుట్టిల్లు కనుమ అవతలే. ఏటా మంచు కరిగాక వెళ్ళి తల్లిని చూసి వస్తుంది. భ్రమర కంటే రెండు మూడేళ్ళు చిన్నదేమో. అందరినీ పిలిచినట్టే భ్రమరనీ "దీదీ" అని పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా భ్రమరకి వెనక్కి తిరిగి చూడాలనిపించేది, అక్క అన్న మాట తనది కానట్టు.

భ్రమర నెల్లాళ్ళ నుంచీ తయారవుతూనే ఉంది. పొద్దున్నే సంచిలో నీళ్ళ సీసాలు నింపుకుని, మఠం పైనున్న ఊట దాకా ఎక్కి దిగేది. మొదటి వారం మోకాళ్ళు వణికాయి. రెండో వారం మడమల మీద బొబ్బలు లేచాయి, తనే చిదిమి పట్టీలు వేసుకుంది. కాలిగోళ్ళు కురచగా కత్తిరించుకుంది. వేయించిన బార్లీ పిండి, పల్లీల పొడి, ఉప్పు చక్కెర పొట్లాలు, మందులు, రెండు జతల ఉన్ని సాక్సులు, దుప్పటి సంచి, అన్నీ సర్దుకుంది.

ఆదివారం ఆ సంచిని వంటింట్లో బంగాళాదుంపల కాటా మీద తూచింది. పద్నాలుగు కేజీలు.

"పది దాటితే ఆ ఎత్తులో ఊపిరి అందదు," అన్నారు ఆనీ.

"మోస్తాను ఆనీలా. అలవాటు చేసుకున్నాను."

"యాంగ్జీకి కొంచెం ఇవ్వు."

"వద్దు. నాది నేనే మోసుకుంటాను."

ఆనీ సంచి ముందు చతికిలబడి ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టడం మొదలుపెట్టారు. మందులు తీసి మళ్ళీ లోపల పెట్టారు. పిండి, సాక్సులు కూడా. అడుగున చీర మూట తగిలింది. విప్పారు. బూట్లని ఒకసారి, భ్రమర పాదాలని ఒకసారి చూశారు.

"ఇవి నీకు పట్టవు."

"అక్కవి." అంది భ్రమర. "కనుమ మీద రాళ్ళు పేర్చి అక్కడ పెడతాను. వస్తానంది కదా."

"ఎప్పుడైనా నడిచాయా ఇవి?"

"డాబా మీద."

ఆనీ బూట్లని మళ్ళీ మూటలో పెట్టారు. చీర ముక్కని మడత మీద మడత, ఎలా ఉన్నదాన్ని అలాగే చుట్టారు. అంత జాగ్రత్తగా ఆవిడ పూజా వస్తువులని మాత్రమే పట్టుకోవడం భ్రమర చూసింది.

"రేపు చిన్న కనుమ దాకా వెళ్ళి రండి. ఒక రోజు నడక. సంచి సంగతి తేలుతుంది." లేచి, మూటని గుమ్మం పక్కనున్న యాంగ్జీ వెదురు బుట్టలో పెట్టారు. "ఇది మాత్రం యాంగ్జీ మోస్తుంది."

భ్రమర నోరు తెరిచింది.

"నువ్వు ఆమె వెనకాలే నడు," అన్నారు ఆనీ. "ముందుకి పోవద్దు."

*

మర్నాడు తెల్లగా మబ్బు పట్టి ఉంది. యాంగ్జీ బుట్ట పట్టీని నుదుటికి తగిలించుకుని ముందు నడిచింది. వెనకాల భ్రమర.

మొదటి గంటంతా భ్రమర చూపు మూట మీదే. బుట్టలోంచి చీర అంచు కొంచెం కనబడుతోంది, ఆకుపచ్చ మీద ఎర్ర గళ్ళు. యాంగ్జీ వంగినప్పుడల్లా అది ఒరుగుతుంది.

"మెల్లిగా యాంగ్జీ. పడిపోతుంది."

"పడదు దీదీ."

పది గంటలకి జల్లు పడింది. భ్రమర వానకోటు తొడుక్కుంటూ, "మూట తడవనీకు," అని అరిచింది.

యాంగ్జీ ఆగింది. భుజాల మీద కప్పుకున్న ప్లాస్టిక్ పట్టా తీసి బుట్ట మీద కప్పి, అంచులు లోపలికి దోపింది. మళ్ళీ నడిచింది. కాసేపటికి ఆమె రవిక వీపుకి అతుక్కుపోయింది. భ్రమర అది చూసింది. ఏదో అనాలనుకుంది. దారి నిటారుగా ఉండటంతో ఊపిరి మాటకి మిగల్లేదు. మూట తడవడం లేదు కదా అని కూడా అనుకుంది.

మబ్బు కిందికి దిగింది. తల వంచుకుని ఎక్కాల్సి రావడంతో బుట్ట కనబడటం మానేసింది. ఇక చూడటానికి దారి తప్ప ఏమీ లేదు. దారి మీద, తన కళ్ళకి రెండు మూరల దూరంలో, ఒక మెట్టు పైన, యాంగ్జీ మడమలు.

రబ్బరు చెప్పులు. ఒకదానికి తెగిన పట్టీకి బదులు నైలాను తాడు. మడమలు ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉన్నాయి. కుడి మడమ పగులు లోతుగా, లోపల ఎర్రగా ఉంది. కాలు ఎత్తినప్పుడు మూసుకుంటుంది, ఆనించినప్పుడు తెరుచుకుంటుంది. మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. ఒక పలక రాయి మీద చిన్న ఎర్ర మరక. ఇంకో రాయి మీద ఇంకోటి. వాన వాటిని కడిగేస్తోంది.

ఆరు నెలలుగా ఈ మనిషి రోజూ వైద్యశాల ముందు కట్టెలు దించుతోంది. భ్రమర రోజూ "ఎలా ఉన్నావు యాంగ్జీ?" అని అడుగుతూనే ఉంది.

వాగు దగ్గర యాంగ్జీ చెప్పు జారింది. మోకాలి మీద పడింది. పడుతూనే రెండు చేతులూ వెనక్కి పెట్టి బుట్టని పైకి ఎత్తి పట్టుకుంది. భ్రమర నీళ్ళలోంచి పరుగెత్తి చేరుకునేసరికి ముఖమంతా బురద, నవ్వడానికి చూస్తోంది.

"మూట తడవలేదు దీదీ."

భ్రమర ఆమె పక్కన వంగింది. ఆమెని చెయ్యి పట్టి లేపి, ఒక రాతి చూరు కిందికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. కుడి కాలు ఒళ్ళోకి తీసుకుంది.

"వద్దు దీదీ, మురికి..."

"కదలకు."

సీసాలో తాగే నీళ్ళతో కడిగింది. పగులులో ఇరుక్కున్న ఇసుకని దూదితో తీసింది. యాంగ్జీ పళ్ళు బిగించింది కానీ కాలు లాక్కోలేదు. మందు పెట్టి, గుడ్డ చుట్టింది. రెండో కాలు కూడా. తన సంచిలోంచి ఒక జత ఉన్ని సాక్సులు తీసి తొడిగింది. తరవాత బుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుని పట్టా తీసి, మూట విప్పి, బూట్లని ఆమె పాదాల ముందు పెట్టింది.

యాంగ్జీ వెనక్కి జరిగింది. "అయ్యో, అవి దేవుడివి కదా! ఆనీలా ఎంత భద్రంగా పెట్టారో చూశాను."

"దేవుడివి కాదు. మా అక్కవి."

"అయితే ఆవిడ వచ్చాక ఇస్తే వేసుకుంటాను. ఆవిడకి తెలియకుండా ఎలా?"

"రాదు యాంగ్జీ."

యాంగ్జీ ఆమె ముఖంలోకి చూసింది.

భ్రమర ఎడమ బూటులోకి చెయ్యి పెట్టింది. లోపలి అట్ట మీద అక్క వేళ్ళు నొక్కిన గుంటలు ఉన్నాయి. బొటనవేలిది లోతుగా, మిగతావి చిన్నగా. ప్రతి నెలా ఒకసారి, తలుపు గడియ వేసుకుని, వాటి మీద తన వేలు పెట్టి చూసుకునేది. ఇప్పుడూ ఒక్కొక్క గుంటనీ తడిమింది. ఐదో దాని దగ్గర చాలాసేపు ఆగింది.

తరవాత చెయ్యి బయటికి తీసింది.

"కాలు ఇటియ్యి."

వేళ్ళ దగ్గర కొంచెం బిగువుగా ఉన్నా, పట్టాయి. భ్రమర తాళ్ళు లాగి ముడి వేసింది. అది వదులైంది. మళ్ళీ వేసింది. మూడోసారికి ముడి నిలబడింది. యాంగ్జీ ఆమె తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టకుండా, తన ఒళ్ళోనే ఉంచుకుంది.

వాళ్ళు చిన్న కనుమ దాకా వెళ్ళలేదు. ఆ వాగు దగ్గరి నుంచే వెనక్కి తిరిగారు.

మఠం చేరేసరికి ఆనీ పొయ్యి ముందు ఉన్నారు. యాంగ్జీ గుమ్మంలో నిలబడింది. ఆనీ ఆమె కాళ్ళకేసి చూశారు.

"ఆ బురద బయట దులుపుకుని రా," అన్నారు, అంతే.

*

గురువారం పొద్దున్నే బయలుదేరారు. సంచి తొమ్మిదిన్నర కేజీలు. కొన్ని సామాన్లు యాంగ్జీ బుట్టలోకి మారాయి.

మూడో రోజు మధ్యాహ్నం కనుమ ఎక్కారు. భ్రమర తొమ్మిది నెలలుగా ఆ చోటుని ఊహించుకుంటూ ఉంది. అక్కడ కూర్చుంటాననీ, అక్కతో చెప్పాల్సినవన్నీ చెబుతాననీ, ముఖ్యంగా ఆ ఆఖరి రాత్రి అక్క నీళ్ళు అడిగినప్పుడు తను ఫోన్‌లో రక్తం కోసం ఎవరితోనో మాట్లాడుతూ, "ఒక్క నిమిషం అక్కా" అన్న సంగతి చెబుతాననీ అనుకుంది. ఆ నిమిషం తరవాత అక్క మళ్ళీ ఏమీ అడగలేదు.

కనుమ మీద గాలి మనిషిని తోసేస్తోంది. మంచు పొడి కళ్ళలో పడుతోంది. పక్కవాళ్ళ మాటే వినబడటం లేదు. భ్రమర "అక్కా" అని మాత్రం అనగలిగింది. యాంగ్జీ ఆమె మణికట్టు పట్టుకుని లాగింది.

"ఇక్కడ ఆగకూడదు దీదీ! నడవండి, నడవండి!"

రెండు నిమిషాలు కూడా లేరు.

ఆ సాయంత్రం యాంగ్జీ తల్లి ఇంట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి వేడి జావ పోశారు. ముసలామె కూతురి బూట్లని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వాళ్ళ భాషలో ఏదో అంది. యాంగ్జీ సమాధానం చెప్పింది. ముసలామె లేచి వచ్చి భ్రమర గిన్నెలో ఇంకో గరిటె పోసింది. చుక్క మిగలకుండా తాగేదాకా ఎదురుగా కూర్చుంది. అలా ఎవరైనా ఎదురుగా కూర్చుని తినిపించి ఎన్నాళ్ళైందో భ్రమరకి తెలుసు, రోజులతో సహా.

ఆరో రోజు సాయంత్రం మఠం చేరారు. యాంగ్జీ తన ఇంటికి వెళ్ళిపోయింది. భ్రమర సంచి దించి వంటింటి అరుగు మీద కూలబడింది. ఆనీ వెన్న టీ తెచ్చి చేతికిచ్చి, పక్కన కూర్చున్నారు.

టీ సగం తాగాక భ్రమర అంది:

"ఏదీ దించలేదు ఆనీలా. అక్కడ కూర్చోనే లేదు. అక్క కావాలనే ఉంది. వెళ్ళకముందు కంటే ఎక్కువగా ఉంది."

కింద లోయలో ఎవరో జడల బర్రెలని ఇంటికి తోలుకొస్తున్నారు. గంటలు వినబడుతున్నాయి.

"కాళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగారు ఆనీ.

భ్రమర తన పాదాలకేసి చూసుకుంది.

"బాగానే ఉన్నాయి. ఒక్క బొబ్బ కూడా లేదు."

"అయితే మోయగలవు," అని, ఆనీ పొయ్యిలో కట్టె ఎగదోయడానికి లోపలికి వెళ్ళారు.