ఎలుగు అవ్వ కట్టిన గడ్డిపోగు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలంలో, ఎర్రగుట్టల అడవి ఒకటి ఉండేది. అప్పట్లో జంతువులకు మాటలు వచ్చు. మాటకు విలువా ఉండేది. ఇప్పుడు ఆ అడవీ లేదు, ఆ విలువా లేదు.

ఆ అడవిలో ఓబులవ్వ అనే ముసలి ఎలుగుబంటి వైద్యం చేసేది. కోయడం తెలుసు, కుట్టడం తెలుసు. అన్నిటికంటే పెద్ద విద్య ఇంకొకటి ఉంది. ఒకరి కన్ను తీసి మరొకరికి పెట్టగలదు.

ఎంత విద్య ఉన్నా ఇంటి పద్ధతి మాత్రం తప్పేది కాదు. వేరు తవ్వాలంటే ముందురోజు సాయంత్రమే ఆ మొక్కకు గడ్డిపోగు కట్టి, "రేపు వస్తాను తల్లీ, ఇష్టమైతే ఇవ్వు" అని చెప్పి వచ్చేది. తెల్లారేసరికి పోగు ఊడి ఉంటే మొక్క వద్దందని అర్థం. ఎందుకని అడగకుండా వెనక్కి తిరిగేది. ఎంత మర్యాద! ఈ రోజుల్లో కాగితం ముందు పెట్టి "వేలిముద్ర వెయ్యి" అంటారు. అందులో ఏం రాశారో చదివి చెప్పే తీరిక ఒక్కడికీ ఉండదు. నాతోనూ అలాగే వేయించారు, అది నేనైతే మరిచిపోను. సరే, కథలోకి వద్దాం.

అడవికి రాజు గంభీరనఖుడనే సింహం. ఆయనకు ఒక్కతే కూతురు. రోగం వచ్చి పాపకు రెండు కళ్ళూ పోయాయి. ఏ అడుగు చప్పుడు విన్నా "నాన్నా, నువ్వేనా?" అని తడుముకునేది. రాజు గుండె చెరువయ్యేది.

"అవ్వా, నా బిడ్డకు కన్ను పెట్టు."

"పెడతాను దొరా. ఒక్క కన్ను చాలు. కానీ ఇచ్చేవాళ్ళు మనసారా ఇవ్వాలి."

"అదెంత పని!" అంది నక్క మంత్రి. వెళ్ళి కుందేలును పట్టుకొచ్చింది.

"ఇష్టమేనా నాయనా?" అని అడిగింది అవ్వ.

"ఇష్టమే అవ్వా! రెండూ తీసుకున్నా ఇష్టమే!" కుందేలు పళ్ళు టకటకలాడాయి.

అవ్వ దాని కాలికి గడ్డిపోగు కట్టింది. "వద్దనుకుంటే తెంచేయి. ఎందుకని అడగను."

తెల్లారి చూస్తే పోగు అట్లాగే ఉంది. కానీ బొరియ ముందు నక్క కూర్చుని ఉంది.

"నువ్వేం చేస్తున్నావిక్కడ?"

"చల్లగాలికి వచ్చాను అవ్వా."

"వెనక దారికి రాయి అడ్డం పెట్టింది కూడా ఆ చల్లగాలేనా?" అని అవ్వ తానే పోగు విప్పేసింది.

రెండోసారి లేడిని తెచ్చారు. దాని కాలికీ పోగు కట్టింది. మర్నాడు చూస్తే అదీ తెగలేదు.

"నీ పిల్ల ఏదమ్మా?"

"రాజుగారి గుహలో ఉంది. విందుకు పిలిచారు."

"విందుకు పిలిచారా, విందుగా పిలిచారా?"

లేడి బావురుమంది. అవ్వ ఆ పోగూ విప్పేసింది.

సింహం గర్జించింది. "ఇద్దరూ ఒప్పుకున్నారు గదా! ఇంకేం కావాలి నీకు? కన్ను తీస్తావా, నీ కళ్ళే పీకించనా?"

"పీకించండి. గుడ్డిదాన్నయ్యాక పాపకు కుట్లు మీ నక్క వేస్తుందిలే." అవ్వ ముందుకు వచ్చింది. "దొరా, మూడోసారి మిమ్మల్నే అడుగుతున్నాను. కన్నతండ్రి మీరు. మీ కన్నొకటి ఇస్తారా?"

సింహం సరేనని తలూపింది. అవ్వ రాజు పంజాకు అదే పోగు కట్టింది, అదే మాట చెప్పింది.

తెల్లారేసరికి పోగు తెగి నేలమీద పడి ఉంది. అవ్వ చూసింది. మాట్లాడకుండా వెనక్కి తిరిగింది.

"అవ్వా! ఎందుకని అడగవా?"

"మా ఇంటి పద్ధతి కాదు దొరా."

"తిట్టనైనా తిట్టవా?"

"వద్దనడం తప్పు కాదు గదా."

సింహం తల వాల్చింది. "భయమేసి తెంచాను. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. మరి ఆ కుందేలుకు భయం వెయ్యలేదా?"

"వేసింది. తెంచి బతికే దారే దానికి లేకపోయింది."

రాజు లేచాడు. లేడిపిల్లను తల్లి దగ్గరికి పంపాడు. బొరియ రాయి తానే తీశాడు. నక్కను గుట్టల అవతలికి తరిమాడు. దాని మీద నాకైతే జాలి లేదు.

సాయంత్రానికి ఒంటరిగా అవ్వ ముందు పంజా చాపాడు. "మళ్ళీ కట్టు."

మర్నాడు పోగు చెక్కు చెదరలేదు. దగ్గర కావలి లేదు, బెదిరింపు లేదు. అప్పుడు చేసింది అవ్వ తన వైద్యం.

కట్టు విప్పగానే పాప తండ్రిని ఎగాదిగా చూసింది. "నాన్నా, నీ జూలు ఇంత తెల్లబడిందా!"

ఒంటికన్ను రాజు పకపకా నవ్వాడు. "నువ్వు చూడలేదని అది చెప్పకుండా తెల్లబడింది తల్లీ!"

కాబట్టి పిల్లలూ, కాదనే వీలు లేని చోట అవునన్న మాట చెల్లదు. మనసారా ఇచ్చిందే వైద్యానికి పనికొస్తుంది, భయపెట్టి తీసుకున్నది దోపిడీ.