అందరి ఎదుటా చెంచాడు జావ

ఉదయగిరి కొండ కింద పేటలో అమీరుద్దీన్ హజ్రత్ అంటే ముస్లిములకూ హిందువులకూ ఒకటే గౌరవం. ఆయనకు వచ్చిన జబ్బు సంగతి మాత్రం శిష్యుడు మౌలాలి ఎవరికీ తెలియనివ్వలేదు.

మౌలాలి చెక్క చెంచాలు చెక్కి బతికేవాడు. పన్నెండేళ్ళుగా పొద్దున్నే హజ్రత్ సేవ, ఆ తర్వాతే ఉలి పట్టడం. హజ్రత్ చేతిలోంచి తస్బీ, ఆయన జపమాల, జారడం మొదట చూసింది అతనే. ఆ తర్వాత కాళ్ళు పడిపోయాయి. మాట ముద్దయింది, చివరికి మాటే పోయింది. నెల్లూరులో డాక్టరమ్మ దాన్ని మోటార్ న్యూరాన్ జబ్బంది. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చుబడతాయనీ, ఆయన తెలివికి ఏమీ కాలేదనీ, పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదనీ చెప్పింది.

పేటలో గుసగుసలు మొదలయ్యాయి. చేతబడి అన్నారు కొందరు. అంటుకుంటుందన్నారు ఇంకొందరు. మౌలాలి గురువు మంచానికి అడ్డంగా పచ్చ తెర కట్టేశాడు. గురువారం జనం వస్తే, "హజ్రత్ మౌనంలో ఉన్నారు. అక్కణ్ణించే దండం పెట్టుకోండి" అనేవాడు.

ఒక గురువారం పెంచలమ్మ అనే ఆమె వచ్చింది. ఆమె భర్త రమణయ్య బియ్యం మిల్లులో బస్తాలు మోసినవాడు.

"చేతులు పుల్లలైపోయినాయన్నా. మాట తెలవడంలా. ముద్దముద్దకీ పొలమారతా ఉంది. ఎవరో తలుచుకుంటా ఉండారనుకున్నాం. రోజూ ఎవరు తలుచుకుంటారన్నా? తాయెత్తులు కట్టించినా. ఇప్పుడు అన్నం చూస్తేనే భయపడి నోరు మూసుకుంటా ఉండాడు. మా అత్తేమో నేనే మందు పెట్టినానంటా ఉంది."

డాక్టరమ్మతో మౌలాలి చెప్పుకున్నవీ ఇవే మాటలు. అయినా, "హజ్రత్ ఎవరినీ చూడరమ్మా, వెళ్ళిరా" అన్నాడు.

తెర వెనక చిన్న మూలుగు వినిపించింది. వెళ్ళి చూస్తే, హజ్రత్ కళ్ళు అక్షరాలు రాసిన అట్ట మీద ఉన్నాయి. మౌలాలి అక్షరాల మీద వేలు జరుపుతూ పోయాడు. కావలసిన చోట హజ్రత్ రెప్ప వాల్చారు. అక్షరాలు కూడితే ఒక మాట వచ్చింది.

తెర.

"వద్దు హజ్రత్," మౌలాలి గొంతు తగ్గించాడు. "చొంగ కారుతుంది. దగ్గొస్తుంది. మిమ్మల్నలా చూస్తే జనం..."

హజ్రత్ ఇంకో మాట కూర్చారు.

జావ.

మౌలాలి తెర తీశాడు. వాకిట్లో ఉన్న పాతికమందీ లేచి నిలబడ్డారు.

వీపు వెనక దిండ్లు పెట్టి హజ్రత్‌ను నిటారుగా కూర్చోబెట్టాడు. గడ్డం కాస్త కిందికి దించి, సగం చెంచా రాగిజావ నోట్లో పెట్టాడు. అది దిగింది. రెండోసారి సిగ్గుతో చెయ్యి తొందరపడింది. హజ్రత్‌కు పొలమారింది. మొహం కందిపోయింది, జావ గడ్డం మీదుగా కారింది. ఎవరో మొహం తిప్పుకున్నారు. మౌలాలి ఆయన్ని ముందుకు వంచి, నుదురు పట్టుకుని ఆగాడు.

దగ్గు తగ్గింది. హజ్రత్ సూటిగా పెంచలమ్మ వైపు చూశారు. చూస్తూనే మళ్ళీ నోరు తెరిచారు.

పెంచలమ్మ మంచం దగ్గరికి వచ్చేసింది. "అన్నా, గడ్డం ఎందుకు దించినావు?"

"దించితే ముద్ద గొంతులో దారి తప్పదమ్మా. పల్చటి నీళ్ళకే ఎక్కువ పొలమారుతుంది. జావ చిక్కగా ఉండాలి. ఒకసారి మింగాక, ఉత్తి గుటక ఇంకోటి వెయ్యమనాలి. డాక్టరమ్మే నేర్పింది."

"నేను వెల్లకిలా పడుకోబెట్టి నీళ్ళు పోస్తా ఉండానన్నా!" అంటూ ఆమె బావురుమంది.

మౌలాలి చెంచా ఆమె చేతికిచ్చాడు. ఆమె సగం చెంచా పెట్టింది. హజ్రత్ మింగారు. ఒక నిమిషం ఆగి, ఇంకో గుటక వేశారు.

అప్పుడు మౌలాలి జనం వైపు తిరిగాడు. జబ్బు పేరు చెప్పాడు. "ఇది అంటుకోదు. ఎవరూ చేయించింది కాదు. ఇంట్లో ఎవరికైనా చెయ్యి సన్నబడినా, మాట తేడా వచ్చినా తాయెత్తుతో ఆగిపోకండి" అన్నాడు. పెంచలమ్మకు డాక్టరమ్మ చిరునామా రాసిచ్చాడు. చెంచా కూడా ఆమెనే ఉంచుకోమన్నాడు.

నెల తర్వాత రమణయ్య ఆటోలో వచ్చాడు. అదే జబ్బని డాక్టరమ్మ తేల్చింది. ఆ సంగతి తెలిశాక ఇంట్లో నిందలు ఆగిపోయాయి. అత్త కొడుకు తల పట్టుకుని గడ్డం దించింది. పెంచలమ్మ ఆ చెంచాతోనే జావ పెట్టింది. రమణయ్య గుటక వేసి, అందరి మొహాలూ చూసి, "పొలమార్లా" అని ముద్దమాటతో నవ్వాడు. చేతులు లేవక, హజ్రత్‌కు తల వంచి దండం పెట్టాడు. మౌలాలికీ అలాగే పెట్టాడు. మౌలాలికి ఎటు చూడాలో తెలియలేదు.

వాళ్ళు వెళ్ళాక అతను గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. "వాళ్ళని చూస్తూ తినడమే మరిచిపోయారు హజ్రత్. జావ అంతా ఇలాగే ఉంది. ఒక్క రెండు చెంచాలు?"

హజ్రత్ కళ్ళు అట్ట వైపు తిరిగాయి. మౌలాలి వేలు అక్షరాల మీద నెమ్మదిగా నడిచింది. చాలాసేపటికి మాట పూర్తయింది.

"కడుపు నిండింది."