పటికబెల్లం వడ్డించిన విస్తరి

"అమ్మా, నాను ఆశ్రమం ఇడిసి ఎలిపోనా?" అని గౌరీశు అడిగాడు.

నాగావళి ఒడ్డున నాంచారమ్మగారి ఆశ్రమంలో వంటా వడ్డనా అతనివే. తల్లి నేతవాళ్ళ ఇంటి పిల్ల, తండ్రి సముద్రం మీద వేటకు పోయే మనిషి. ఈ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. అతని చేతి వంట ఎవరికీ అరగకుండా పోలేదు. ఏటా ఆరాధనకు బియ్యం పంపే మిల్లు యజమాని జగ్గారావుగారికి మాత్రం ఈ ఏడు కొత్తగా అరగలేదు. "కలగాపులగం పుట్టుక. ఆడి చేతి వడ్డన నాను తినను. పంక్తిలో శుద్ధమైనోళ్ళే ఉండాలి. కాదంటే బియ్యం ఆపేస్తాను" అని తేల్చి చెప్పి వెళ్ళారు. నాలుగు బస్తాలు ఇచ్చినవాళ్ళకు మన వంటింటి మీద ఎంత పెత్తనమో!

ప్రశ్నకు జవాబు చెప్పడం అమ్మగారికి అలవాటు లేదు. అడిగినవాడికే ఏదో ఒక పని పురమాయిస్తారు. "రేపు ఆరాధన పంక్తిలో ఆయన విస్తట్లో శుద్ధమైనదే పడాలి. ఒకదాంట్లో ఇంకొకటి కలిసి ఉన్నది ఏదీ వెయ్యకూడదు. ఏముందో వెతుకు" అన్నారు.

వంటింట్లో అతనికి సాయంగా ఉండే నేను గుమ్మడికాయ తరుగుతూ అంతా చూశాను. గౌరీశు ముందు పాలు తెచ్చాడు. అమ్మగారు నిమ్మకాయ పిండారు. విరుగుడు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు తేలాయి. నెయ్యి తెస్తే అడుగున పూస, పైన నూనె. తేనె సీసా అడుగున పంచదార పలుకులు. కల్లుప్పు నీళ్ళలో వేస్తే మట్టి దిగింది. "పోనీ, నూతి నీళ్ళు?" అన్నాడు పాపం. నీళ్ళు కాగి కాగి ఇగిరిపోయాక గిన్నెలో మిగిలిన తెల్లటి చార చూపించారు అమ్మగారు. చివరికి పటికబెల్లం దొరికింది. ఎన్ని పరీక్షలు పెట్టినా దాంట్లోంచి రెండోది బయటికి రాలేదు.

"ఇది నిలబడింది. నడుమ దారం ఉంటుంది, లాగేసి వడ్డించు" అన్నారామె.

మర్నాడు పంక్తి కూర్చుంది. అందరి విస్తళ్ళలో పులిహోర, పప్పు, గుమ్మడికాయ పులుసు. జగ్గారావుగారి విస్తట్లో ఒక్క పటికబెల్లం ముక్క. పక్కన మంచినీళ్ళు కూడా లేవు.

"ఏటమ్మా ఇది? పిలిసి అవమానం సేత్తారా?"

"శుద్ధమైనదే కావాలన్నారు కదా బాబూ. మా వంటింట్లో ఇదొక్కటే దొరికింది. తక్కినవన్నీ కలిసినవే. మీ బియ్యంలో రాళ్ళు పొద్దున్నే ఏరాం."

నవ్వు ఆపుకోలేక నాకు పొలమారింది. గౌరీశు పులిహోర గిన్నెతో ఆయన ముందుకు వచ్చి, గరిటె ఎత్తి, "ఎయ్యమంటారా?" అని అడిగాడు. ఎత్తిన గరిటె దించలేదు.

ఇంగువ వాసన ఆయన ముక్కుకూ తగిలే ఉంటుంది. ఒక్క క్షణం చూసి, విస్తరి మడిచి లేచారు. "వచ్చే ఏడు ఒక్క గింజ రాదు" అని అరిచి వెళ్ళిపోయారు. ఆ మాటకు నాకు భయం వేసిన మాట నిజం. ఆయన వీపు చూసి సంతోషించిన మాటా నిజమే.

గౌరీశు గిన్నె కింద పెట్టేశాడు. "నా మూలంగానే కదమ్మా. వచ్చే ఏడు ఏటి తింటాం?"

ఆయన ఖాళీ చేసిన చోట అమ్మగారు కొత్త విస్తరి పరిచి, నీళ్ళు చల్లారు.

"ఏదో ఒకటి కలుపుకు తింటాం. కూర్చో."