మల్లెపువ్వంత రాజుగారి పలక

పడవ లాగుతుంటే తాడు పట్టుకుని, పలక మీద నిలబడి ఏటిపై జారాలని రాజుగారికి సరదా పుట్టింది.

"మూడు మూరల పలక చాలు. మేము మల్లెపువ్వంత తేలిక! మునిగామో, నీ తల తీయిస్తాం" అని వడ్రంగిని సభకు పిలిపించి చెప్పాడు.

వడ్రంగి సింగనాచారి నిర్ఘాంతపోయాడు. ఇదెక్కడి అన్యాయం! బరువును బట్టే కదా పలక! ఆ బొజ్జకు ఆరు మూరలైనా చాలవు. ఆ మాటన్నా తల పోతుంది, ఊరుకున్నా పోతుంది.

"చిత్తం ప్రభూ! ఇంత తేలికైన ఏలినవారి పల్లకీ మోయడానికి ఎనిమిది మంది బోయీలెందుకు? ఇద్దరితోనే ఏటికి దయచేయండి. పలక అక్కడే ఇస్తాను."

సభంతా నోరు తెరిచింది. రాజు రోషంగా పల్లకీ ఎక్కాడు. ఇద్దరు బోయీలూ ఎత్తబోయి చతికిలబడ్డారు. పల్లకీ నేల వదల్లేదు.

కాసేపటికి లోపలినుంచి చిన్న గొంతు వినిపించింది.

"ఆచారీ, ఏడు మూరలు చెయ్యవయ్యా."